పేట ఊరేగింపు చేయాలంటే తోక దగ్గర మొదలుపెట్టండి

గుంటూరు వాళ్ళకి ఊరేగింపు కొత్త కాదు. వినాయకుడు వెళ్ళినా, పెళ్ళికొడుకు వెళ్ళినా, ఎన్నికల్లో నెగ్గినాయన వెళ్ళినా బండి పక్కకి ఆపుకుని నిలబడతాం. కానీ పేటలోని బడిపిల్లలు, కోలాటం ఆడవాళ్ళు, ఆటోస్టాండు కుర్రాళ్ళు, రిటైరైన మాస్టార్లు అందరూ కలిసి జనవరి 26న నడిచే ఊరేగింపు వేరే సంగతి. అందులో దేవుడు ఉండడు, కాబట్టి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడు దణ్ణం పెట్టుకుని ఊరుకోడు. పెళ్ళికొడుకు ఉండడు, కాబట్టి ఖర్చు భరించే మామగారూ ఉండడు. ఓర్పు, డబ్బు రెండూ పేటలోనే పోగెయ్యాలి.

మా బ్రాడీపేటలో మొదటి ఏడాది మా ధ్యాసంతా ముందు వరస మీదే. బ్యానరు, గుర్రం, బ్యాండు, శాలువాలు. నాలుగు వీధులు చుట్టి వెనక్కి తిరిగేసరికి గుర్రానికి ఎదురుగా, ఇంకా బడి గేటు కూడా దాటని ఐదో తరగతి పిల్లలు నిలబడి ఉన్నారు. గుర్రం ఆగింది, బ్యాండు ఆగింది, ఎవరు ఎటు నడవాలో ఎవరికీ తెలియలేదు. ఆ పిల్లలు ఆ ఏడాది ఊరేగింపులో వేసిన అడుగులు పాతిక దాటి ఉండవు. రెండో ఏడాది పని తిరగేశాం. చిట్టచివర నడిచే మనిషి ఎవరో ముందు తేల్చుకుని, ఆయన ఎన్నింటికి బయల్దేరాలి, ఎన్నింటికి చేరాలి అన్న దగ్గర్నుంచి మిగతావన్నీ కట్టుకుంటూ వచ్చాం. మీరూ అలాగే చేయండి.

తేదీ, వేళ

26 ఉదయం వద్దు. బళ్ళలో జెండా వందనం ఉంటుంది, పిల్లలు తెల్లారకుండా లేచి ఉంటారు. పోలీసులు సగం మంది పరేడ్ గ్రౌండు బందోబస్తులో ఉంటారు. మీ వీధికి ఒక కానిస్టేబుల్ కావాలన్నా దొరకడు. సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి. జనవరి చివర్లో మనకి సూర్యుడు ఆరు దాటాక కాసేపటికే దిగిపోతాడు కాబట్టి ఐదున్నరకల్లా అంతా అయిపోవాలి. పిల్లలు వెలుగుండగానే ఇళ్ళకి చేరాలి.

ఇక్కడ అందరూ బోల్తా పడేది సంక్రాంతి దగ్గర. జనవరి మొదట్లో మొదలుపెడదాం అనుకుంటారు. పండక్కి బళ్ళకి సెలవులు, సగం పేట సొంతూళ్ళకి వెళ్ళిపోతుంది, మేళాలవాళ్ళు, మైకుసెట్టు వాళ్ళు తీరిక లేకుండా తిరుగుతుంటారు. తిరిగొచ్చి చూసుకుంటే చేతిలో ఉన్నది వారం. అందుకని డిసెంబరు మొదటి వారంలో కూర్చోండి, పిల్లల నడక ప్రాక్టీసు సెలవులివ్వకముందే ఒకసారి చేయించేయండి.

ఆగస్టు 15కే చేస్తామంటే చేయండి, తప్పేం లేదు. వాన పడితే ఏంటి అన్నది మాత్రం ముందే రాసి పెట్టుకోండి. అట్టతో కట్టిన ఎర్రకోట తడిస్తే ఎలా ఉంటుందో నేను చూశాను, మీకు వద్దు.

ఎంత పొడవు? కాగితం మీద వేయండి

ఈ పది నిమిషాల లెక్క ఎవరూ వేయరు. ఆ రోజు జరిగే తిప్పలన్నీ ఇక్కణ్ణుంచే పుడతాయి.

600 మంది వస్తారనుకుందాం. వరసకి నలుగురైతే 150 వరసలు. వరసకీ వరసకీ మధ్య మీటరున్నర పడుతుంది, అది 225 మీటర్లు. ట్రాక్టరు, ట్రక్కు, ముందూ వెనకా వదలాల్సిన ఖాళీతో కలిపి ఒక్కో శకటానికి 20 మీటర్లు, ఐదింటికి 100. గుంపుకీ గుంపుకీ మధ్య 10 మీటర్ల ఎడం, పది గుంపులకి ఇంకో 100. మొత్తం 425 మీటర్లు.

చిన్నపిల్లలు, కోలాటం ఉన్న ఊరేగింపు నిమిషానికి 30 మీటర్లకి మించి నడవదు. అంటే ముందున్న బ్యానరు ఒక ఇంటిని దాటాక చివరి మనిషి అదే ఇంటిని దాటడానికి 14 నిమిషాలు పడుతుంది. దారి 1,200 మీటర్లు పెట్టుకుంటే నడక 40 నిమిషాలు, మూడు చోట్ల ఐదేసి నిమిషాలు ఆగితే 15, తోక చేరడానికి 14. గంటా పది నిమిషాలు. నాలుగుంపావుకి కదిలితే ఐదున్నర లోపు అయిపోతుంది. ఇంతకంటే పెంచొద్దు. "మా వీధికి కూడా రావాలి" అని ప్రతి వీధివాళ్ళూ అడుగుతారు. వచ్చే ఏడాది ఆ వీధి నుంచే మొదలుపెడతామని చెప్పండి, చెప్పినట్టే మొదలుపెట్టండి.

చుట్టు తిరిగి మొదలైన చోటికే వచ్చే దారి పెట్టుకుంటే, ఆ చుట్టు ఊరేగింపు పొడవుకి కనీసం రెండింతలు ఉండాలి. మా మొదటి ఏడాది చుట్టు 400 మీటర్లు కూడా లేదు. గుర్రం పిల్లలకి ఎదురుపడిందంటే పడదా మరి. వీలైతే ఒక బడి దగ్గర మొదలుపెట్టి ఇంకో బడి ఆవరణలో ముగించడం అన్నిటికంటే తేలిక.

దారి

బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఉండేవాళ్ళకి ఒక అదృష్టం, ఒక తలనొప్పి. అటు లైన్లు, ఇటు అడ్డరోడ్లు, చదరంగం బల్లలా ఉంటుంది. అందుకే ఎవరిల్లు ఎక్కడంటే నాలుగు బై పద్నాలుగు (నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు) అంటే చాలు. తలనొప్పి ఏమిటంటే ప్రతి అడ్డరోడ్డు దగ్గరా ఒక మోటార్ సైకిల్ మీ వరసల మధ్యలోంచి దూరాలని చూస్తుంది. ఒకటి దూరిందా, దాని వెనక పది.

ఒక్కో అడ్డరోడ్డుకి అటూ ఇటూ ఇద్దరు కుర్రాళ్ళు, చేతిలో ఒక తాడు. 12 అడ్డరోడ్లుంటే 24 మంది కావాలనిపిస్తుంది. అక్కర్లేదు. తోక దాటిపోయిన అడ్డరోడ్డు దగ్గరి ఇద్దరూ పక్క లైనులోంచి సైకిళ్ళ మీద ముందుకెళ్ళి, తర్వాత రాబోయే అడ్డరోడ్డు పట్టుకోవాలి. సమాంతరంగా ఇంకో లైను ఉండడం వల్ల వచ్చే అదృష్టం ఇదే. 14 మందితో మేం సునాయాసంగా లాగేశాం.

శంకర్ విలాస్ సెంటర్, లాడ్జి సెంటర్, నాజ్ సెంటర్ లాంటి పెద్ద కూడళ్ళ జోలికి పోవద్దు. ఫోటోలు బాగా వస్తాయని కుర్రాళ్ళు ఒత్తిడి చేస్తారు. అక్కడ ఐదు నిమిషాలు ఆపితే సగం గుంటూరు ఆగుతుంది, మీ పేట పేరు చెప్పుకుని తిడుతుంది.

దారంతా ఒకసారి సాయంత్రం నాలుగింటికే నడవండి. పొద్దున నడిస్తే తెలియనివి చాలా ఉంటాయి: ట్యూషన్ సెంటర్ల ముందు సైకిళ్ళ గుట్ట, రోడ్డు మీదికి జరిగిన పునుగుల బండి, ఎవరో ఇల్లు కడుతూ పోసిన ఇసక. ముఖ్యంగా తల పైకెత్తి నడవండి. కరెంటు తీగల కంటే కేబుల్ టీవీ, ఇంటర్నెట్ వైర్లు కిందికి వేలాడతాయి. మీ శకటం ఎత్తు చెప్పి లైన్‌మన్‌ని వెంటబెట్టుకుని చూపించండి. కొందరు శకటం మీద ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి చేతిలో కర్ర ఇచ్చి వైర్లు ఎత్తిస్తుంటారు. ఆ పని మీ ఊరేగింపులో జరగనివ్వొద్దు. వైరు తగిలే ఎత్తుంటే ఆ శకటాన్ని కోసి పొట్టి చేయండి.

కాగితాలు

కనీసం పదిహేను రోజుల ముందు మీ స్టేషన్ ఇన్‌స్పెక్టరు పేర దరఖాస్తు ఇవ్వండి. 1861 నాటి పోలీసు చట్టంలో 30వ సెక్షన్ ఇప్పటికీ బతికే ఉంది. ఊరేగింపులకి అనుమతి తీసుకోవాలని చెప్పే అధికారం పోలీసులకి దాని వల్లే వస్తుంది. దరఖాస్తుకి చేతితో గీసిన దారి పటం, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, వచ్చేవాళ్ళ సంఖ్య, వాహనాల నంబర్లు, డ్రైవర్ల లైసెన్సు నకళ్ళు, బాధ్యులైన ముగ్గురి ఫోన్ నంబర్లు జతచేయండి. పొడవు లెక్క వేశారు కదా, అది కూడా పెట్టండి. "తోక ఎన్నింటికి ఖాళీ చేస్తుంది" అన్నదానికి జవాబు రాసిచ్చిన దరఖాస్తు ట్రాఫిక్ వాళ్ళకి అరుదుగా కనిపిస్తుంది. నకళ్ళు కార్పొరేషన్‌కి, కరెంటాఫీసుకి, అగ్నిమాపక కేంద్రానికి ఇచ్చి, మీ దగ్గరుండే ప్రతి మీద స్టాంపు వేయించుకోండి. నోటిమాట అనుమతి అనుమతి కాదు. ఒక ఏడాది "ఫర్వాలేదు చేసుకోండి" అన్న ఆయన 25వ తేదీకి బదిలీ అయిపోయారు.

మైకుకి విడిగా రాతపూర్వక అనుమతి ఉండాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, ఆసుపత్రులు, బళ్ళు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. డీజే మాట మర్చిపోండి.

బ్రాడీపేటలో వంద మీటర్లు నడిస్తే ఒక ఆసుపత్రి తగులుతుంది. అందుకని మా దగ్గర ఒకాయన చేతిలో "వాయిద్యం ఆపండి" అని రాసిన పలక పట్టుకుని బ్యాండుకి ముందు నడుస్తారు. పలక లేస్తే బ్యాండు ఆగాలి, కోలాటం కర్రలు చంకలోకి వెళ్ళాలి, పిల్లలు నినాదాలు ఆపాలి. మొదట్లో ఇది ఊరేగింపు ఊపు చెడగొడుతుందేమో అనుకున్నాం. తీరా చూస్తే వందల మంది అడుగుల చప్పుడు మాత్రమే వినపడే ఆ నిమిషం కోసమే వచ్చామన్నవాళ్ళు ఉన్నారు. ఆసుపత్రి మేడ మీంచి నర్సులు చేతులూపారు.

వరస: మెల్లగా నడిచేవాళ్ళు ముందు

మామూలుగా ముందు పెద్దమనుషులు, వెనక బ్యాండు, ఆఖర్న పిల్లలు. దీన్ని తలకిందులు చేయండి. జెండా వెనకనే రెండో తరగతి, మూడో తరగతి పిల్లల్ని పెట్టండి. ఊరేగింపు మొత్తం వాళ్ళ నడకకి తగ్గుతుంది. వాళ్ళని వెనక పెడితే ముందున్నవాళ్ళు సాగిపోతారు, మధ్యలో ఖాళీ పడుతుంది, ఆ ఖాళీ పూడ్చడానికి చిన్నపిల్లలు పరిగెత్తాల్సి వస్తుంది. పదిహేను మంది పిల్లలకి ఒక టీచరు, ప్రతి పిల్ల జేబులో ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ ఉండాలి.

బ్యాండు మేళానికీ కోలాటం సౌండ్ బాక్సుకీ మధ్య కనీసం 60 మీటర్లు వదలండి. లేకపోతే కోలాటం ఆడవాళ్ళు బ్యాండు తాళానికి అడుగేసి, తప్పు నీదంటే నీదని అక్కడే తేల్చుకోవాల్సి వస్తుంది. ఆ మధ్యలో చప్పుడు చేయనివాళ్ళని నడిపించండి: ప్లకార్డుల పిల్లలు, ఎన్.సి.సి. కేడెట్లు, మార్నింగ్ వాక్ బ్యాచీ. డప్పులవాళ్ళు చివరికి దగ్గర్లో ఉండాలి. అప్పటికి అలసిపోయిన తోకకి అడుగు వేయించేది డప్పే.

కోలాటం గురించి ఒక మాట. చూసేవాళ్ళు చప్పట్లు కొడితే ఎవరైనా ఆగి ఇంకో చుట్టు వేస్తారు, అది సహజం. వాళ్ళు మూడు నిమిషాలు ఆగితే ముందు 90 మీటర్ల ఖాళీ, వెనక తోపులాట. నిలిచి ఆడడానికి మూడు చోట్లు ముందే నిర్ణయించి, రోడ్డు మీద సున్నంతో గుండ్రంగా గీయండి. అక్కడ అందరూ ఆగుతారు. మిగతా దారంతా నడక కోలాటమే. హారతులు, దండలు, శాలువాలు, ఎమ్మెల్యేగారి రెండు మాటలు కూడా ఆ మూడు సున్నపు గీతల దగ్గరే. ముఖ్య అతిథిని మొదలయ్యే చోటికి పిలవొద్దు, ముగిసే చోటికి పిలవండి. ఆయన ఆలస్యంగా వచ్చినా పిల్లలు ఎండలో నిలబడరు.

గుర్రం అద్దెకి తెద్దామని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటారు. బ్యాండు పక్కన గుర్రం, ఎవడో కాల్చే టపాకాయ, కింద పిల్లలు. నేను వద్దంటాను.

కుర్రాళ్ళ దండు

1921లో బెజవాడలో కాంగ్రెసు కమిటీ సమావేశాలు జరిగినప్పుడు వచ్చిన జనాన్ని అదుపు చేసింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు తయారుచేసిన రామదండు. మీకు అంత దండు అక్కర్లేదు, అడ్డరోడ్లకీ ట్రాక్టర్లకీ కలిపి ముప్ఫై ఐదు మంది చాలు. ఒక రంగు టోపీ, ఒక విజిల్. ఒక విజిల్ వేస్తే ఆగాలి, రెండు వేస్తే కదలాలి, ఆగకుండా ఊదితే అంబులెన్స్. ఇంతకంటే సంకేతాలు పెడితే ఎవరికీ గుర్తుండవు.

అంబులెన్స్ వస్తే దాన్ని ఊరేగింపు పొడవునా పంపించాలని చూడొద్దు. దగ్గర్లోని అడ్డరోడ్డు దగ్గర ఊరేగింపుని రెండుగా కోసి, మధ్యలోంచి దాటించండి. గుంపుల మధ్య వదిలిన 10 మీటర్లు అందుకే. నడక ప్రాక్టీసులో ఒక ఆటోని అంబులెన్స్ అనుకుని రెండుసార్లు దాటించి చూడండి. పిల్లలకి ఇది భలే సరదా.

చివరి మనిషికి ఎర్ర టోపీ పెట్టండి. ఆయన వెనక మీ ఊరేగింపుకి సంబంధించినవాళ్ళు ఒక్కరు కూడా ఉండకూడదు. బ్యానరు దగ్గరుండే మనిషికి ఫోను చేసి "మెల్లగా" అనే హక్కు ఆయన ఒక్కడిదే. పేటలో అందరూ వినే మనిషిని దీనికి ఎంచుకోండి. మాకు ఒక పీఈటీ మాస్టారు దొరికారు.

శకటాలు

ఐదు చాలు. ఢిల్లీ పరేడ్‌ని నకలు చేయకండి, టీవీలో పొద్దున్నే చూసేశారు. మన దగ్గర సరుకు తక్కువా? 1921లో పన్ను కట్టం అని ఊరికి ఊరే ఇళ్ళు వదిలి పాకల్లోకి వెళ్ళిపోయిన చీరాల అప్పట్లో గుంటూరు జిల్లాలోదే. పల్నాటి అడవి పుల్లరి (పశువుల మేత పన్ను) మీద తిరగబడిన కన్నెగంటి హనుమంతు, 1942 ఆగస్టు 12న తెనాలిలో కాల్పులకి పడిపోయిన ఏడుగురు, రాజ్యాంగ సభలో కూర్చున్న నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా ఉన్నారు. 26 జనవరి రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు కాబట్టి రంగాగారి శకటం తప్పనిసరి అని నా పట్టు. భరతమాత వేషం ఎలాగూ ఉంటుంది, దానికి ఎవరి కూతురు అన్న గొడవ కూడా ఉంటుంది. చీటీలు తీయండి.

ట్రక్కు అంచుల చుట్టూ నడుం ఎత్తున సర్వి బాదులతో కటకటాలు కట్టించి, పైన పిల్లలతో పాటు ఒక పెద్దమనిషిని నిలబెట్టండి. డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద ఎవరూ కూర్చోకూడదు. ఒక్కో ట్రాక్టరుకి నలుగురు కుర్రాళ్ళు, చక్రాల పక్కన ఒక్కొక్కరు. వాళ్ళు ఫోటోలు తీయరు, నినాదాలివ్వరు, చక్రం వైపు ఎవరైనా వస్తే పక్కకి లాగుతారు. శకటం మీంచి చాక్లెట్లు విసరనివ్వొద్దు. పిల్లలు వాటికోసం వంగేది సరిగ్గా చక్రాల ముందే. పంచాలనుకుంటే నడిచేవాళ్ళు చేతికివ్వాలి.

జెండా

2002 జెండా నియమావళిని ఊరేగింపుల్లో మనం తెలియక తప్పే చోట్లు కొన్ని. వేరే జెండాలతో కలిపి నడిపిస్తే జాతీయ జెండా నడిచే దిశకి కుడివైపు ఉండాలి, లేదా మిగతా వరసకి ముందు మధ్యలో ఉండాలి. ట్రాక్టరు బానెట్ మీద, ట్రక్కు పక్కల మీద దాన్ని కప్పకూడదు. దాని మీద సంఘం పేరు రాయకూడదు. తోరణంగా కట్టకూడదు, వీధంతా మనం కట్టేది అదే. బదులుగా కాషాయం, తెలుపు, ఆకుపచ్చ కాగితాలు విడివిడిగా కట్టించండి. పొడవు, వెడల్పుల కొలత 3:2. ఖద్దరే కావాలన్న రోజులు పోయాయి, 2021 డిసెంబరు సవరణతో పాలిస్టరు, మిల్లు బట్ట కూడా చెల్లుతాయి. పిల్లల చేతుల్లో కాగితపు జెండాలే, ప్లాస్టిక్‌వి వద్దు. ముగిసే చోట గేటు దగ్గర రెండు అట్టపెట్టెలు పెట్టి, ఒక్కటి కూడా నేల మీద పడకుండా తిరిగి తీసుకోండి. పింగళి వెంకయ్యగారు గాంధీగారి చేతికి జెండా నమూనా ఇచ్చిన బెజవాడ ఇక్కడికి గంట ప్రయాణం. మనం మురిక్కాలవల్లో ఏరుకుంటే బాగోదు.

పార్టీ జెండాలు, కుల సంఘాల బ్యానర్లు ఒక్కటి కూడా వద్దు. ఒక్కరికి సరే అన్నారంటే ఆ సాయంత్రానికి ఆరుగురు వస్తారు.

చందాలు, తిండి

రసీదు లేకుండా రూపాయి తీసుకోవద్దు. మేళాలకి, ట్రాక్టర్లకి బయానా ఇచ్చేటప్పుడు తేదీతో పాటు వేళ కూడా రాయించుకోండి, ఎందుకంటే అదే రోజు పెళ్ళి ఒప్పుకుంటారు. మనిషికి అరలీటరు చొప్పున 600 మందికి 300 లీటర్ల నీళ్ళు, అంటే 20 లీటర్ల టిన్నులు 15. సగం మధ్యలో సున్నపు గీత దగ్గర, సగం చివర్లో. పులిహోర పొట్లాలు ముగిశాకే ఇవ్వండి. ముందే ఇస్తే ఊరేగింపు అరుగుల మీద కూర్చుంటుంది. దారిలో బాత్రూం వాడుకోనిచ్చే రెండిళ్ళు ముందే అడిగిపెట్టుకోండి, ఇది అందరూ మర్చిపోతారు.

ఆ రోజు

మూడున్నరకి అందరూ చేరాలి. గుంపుల క్రమం నేల మీద సున్నంతో అంకెలేసి రాయండి. ఎవరు ఎక్కడ నిలబడాలో మైకులో అరవక్కర్లేదు. నాలుగుంపావుకి, వచ్చినవాళ్ళతో కదలండి. రానివాళ్ళకోసం ఆగితే వచ్చే ఏడాది అందరూ అరగంట ఆలస్యంగానే వస్తారు. బ్యానరు ముగింపు గేటు దాటగానే ముందువాళ్ళు ఆవరణ లోపలి దాకా, గోడ వరకూ నడవాలి. ఫోటోలకోసం గేటులోనే ఆగితే 400 మీటర్ల జనం రోడ్డు మీద ఇరుక్కుంటారు. పిల్లల్ని టీచర్లే పేరు పిలిచి తల్లిదండ్రులకి అప్పజెప్పాలి. ఎర్ర టోపీ మాస్టారు లోపలికొచ్చి గేటు వేశాకే చప్పట్లు, ఉపన్యాసాలు.

ఆయన వెనకాలే కార్పొరేషన్ చెత్త ఆటో ఉండేలా శానిటరీ ఇన్‌స్పెక్టరుని ముందే అడగండి. చీకటి పడేసరికి వీధి, మనం అక్కడ నడవలేదన్నట్టు ఉండాలి. జమాఖర్చుల కాగితం రెండు రోజుల్లో బడి గేటుకి అంటించండి. తాళ్ళు, విజిళ్ళు, టోపీలు ఎవరింట్లో పెట్టారో ఆ కాగితం కిందనే రాయండి. మావి రెండేళ్ళు కనపడలేదు, మూడో ఏడాది బ్యాండు మేళం వాళ్ళ షెడ్డులో దొరికాయి.